గాలికుంటు రోగము: తలుపులు మూయుటయా, రోగముతో కూడ బ్రదుకుటయా?



మన సంఘ సర్వసభ్య సమావేశమున ఒక ప్రశ్న బయలుదేరి, తెగకయే నిలిచిపోయినది. పొరుగూర గాలికుంటు రోగము పొడసూపినదని వినగానే ఒక సభ్యుడు లేచి, "సంత మూయవలెను, పాలకేంద్రము నిలుపవలెను, ఎవరి పశువును గడప దాటరాదు" అనెను. వెంటనే మరియొకరు, "ఇది ఏటేట వచ్చునదే. వచ్చును, పోవును. దీనికై సంత మూసినచో మనము తినునదేమి?" అనిరి. ఇరువురును అనుభవశాలురైన రైతులే. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. కాలము చాలనందున అధ్యక్షులవారు ఈ విషయమును విపులముగా పత్రికలో వ్రాయుమని నన్ను కోరిరి. కావున ఈ మాసపు పాఠమును దీనికే వినియోగించుచున్నాను.

ఈ వాదము క్రొత్తది కాదు. 2020వ సంవత్సరమున కోవిడు వచ్చినపుడు దేశదేశములందును ఇదే వాదము జరిగెను. పశువుల విషయమున ఇంకను పూర్వమునుండి జరుగుచున్నది. గావున ముందు పశువుల కథను తెలిసికొని, పిమ్మట మనుష్యుల కథను దానితో పోల్చి, తుదకు మన గ్రామమునకు ఏది తగునో నిర్ణయింతము.

1. రోగ స్వభావము

గాలికుంటు రోగమునకు కారణము వైరసు అను మిక్కిలి సూక్ష్మమైన పదార్థము. 1898లో జర్మనీ దేశీయులగు లోఫ్లర్, ఫ్రాష్ అను శాస్త్రజ్ఞులు రోగపు పొక్కులలోని నీటిని, సామాన్యమైన సూక్ష్మజీవులు దాటలేని వడపోత పరికరముగుండ వడగట్టిరి. వడిసిన నీరు కూడ దూడలకు రోగము తెచ్చినది. పశువుల రోగములలో వైరసు వలన కలుగునదని మొట్టమొదట తెలియవచ్చినది ఇదియే.

లక్షణములు మీరెరిగినవే. జ్వరము, నోట చొంగ, నాలుకపైనను చిగుళ్లపైనను పొక్కులు, గిట్టల నడుమ పుండ్లు, కుంటుట, మేత మానుట, పాలు తగ్గుట. పెద్ద పశువులు చచ్చుట తక్కువ. కాని లేత దూడలకు ఈ రోగము గుండె కండరమును చెరచును. అందుచే పాలు త్రాగుచుండిన దూడ హఠాత్తుగా కూలిపోవుట కలదు. మానిన ఎద్దు కొన్నిట ఎండలో రొప్పుచు, మునుపటివలె దున్నజాలకుండును. కనుక "వచ్చును, పోవును" అనుమాట సగము మాత్రమే నిజము. రోగము పోవును గాని, పాలను, చూలును, ఎద్దు బలమును కొంత వెంటగొని పోవును.

మన ప్రశ్నకు సంబంధించిన గుణములు మూడు కలవు. వానిని బాగుగ గుర్తుంచుకొనవలెను.

మొదటిది: పశువు కుంటకముందే, పొక్కు కనబడకముందే, దాని పాలలోను ఊపిరిలోను వైరసు వెలువడుచుండును. కావున కుంటిన పశువును మాత్రము వేరుచేసినచో పని కొంత ఆలస్యమైనట్లే.

రెండవది: ఈ వైరసునందు ఏడు జాతులు కలవు. మన దేశమున నేడు తిరుగునవి ఓ, ఏ, ఏషియా-1 అను మూడు. ఒక జాతి వలన కలిగిన రక్షణ మరియొక జాతికి పనిచేయదు. అందువలననే నిరుడు మానిన పశువునకు ఈ ఏడు మరల రావచ్చును.

మూడవది: మానిన పశువులు కొన్నిటి గొంతులో వైరసు నెలల తరబడి, ఆవులలో ఒక్కొక్కప్పుడు మూడేండ్ల వరకును నిలిచియుండును.

2. పూర్తిగా మూసి, రూపుమాపు మార్గము

ఈ మార్గమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము బ్రిటను. ఆ దేశమున రోగము సామాన్యముగా ఉండదు. 2001 ఫిబ్రవరి 20వ తేదీని ఎసెక్స్ ప్రాంతమందలి ఒక కబేళాలో పందులకు ఈ రోగమున్నట్లు నిశ్చయమైనది. మూలము నార్తంబర్లాండులోని ఒక పందుల క్షేత్రము. అచట రోగము కొన్ని వారములుగా ఉండియు యజమాని తెలుపలేదు. దేశమంతట పశువుల కదలిక నిషేధింపబడినది ఫిబ్రవరి 23న. కాని అప్పటికే గొర్రెలు సంతల మీదుగా నలుదిక్కులకు చేరిపోయియుండెను.

తరువాత జరిగినది కఠినము. రోగము కనబడిన క్షేత్రమునందలి పశువులను 24 గంటలలో, సరిహద్దు క్షేత్రములందలి పశువులను 48 గంటలలో చంపవలెనని ఉత్తరువు. పల్లెలలోని కాలిబాటలు మూయబడినవి. మే నెలలో జరుగునని తలచిన సార్వత్రిక ఎన్నికలు జూన్ 7వ తేదీకి జరిగినవి. సెప్టెంబరు 30న చివరి రోగి కనబడునప్పటికి 2,026 క్షేత్రములు రోగగ్రస్తములయ్యెను. 60 లక్షలకు మించిన పశువులు చంపబడెను. ప్రభుత్వమునకును, ప్రజలకును కలిసి నష్టము సుమారు 800 కోట్ల పౌనులు. చంపిన పశువులకు పరిహారమిచ్చిరి. కాని కదలిక నిషేధము వలన సరుకు అమ్ముకొనలేక చితికినవారికి ఆ నష్టమునకై పరిహారము లభింపలేదు. యాత్రికులు రానందున పల్లెలలోని వసతిగృహములవారును, చిల్లర వర్తకులును విశేషముగా నష్టపడిరి.

రోగము పోయినదా? పోయినది. 2002 జనవరిలో ఆ దేశము రోగరహితమని మరల గుర్తింపు పొందెను. కావున ఈ మార్గము పనిచేయదనుట తప్పు. పనిచేయుటకు ఎంత మూల్యము చెల్లింపవలసివచ్చెనో చూడవలెను.

ఇందులో మరియొక పాఠము కలదు. 2007లో అదే దేశమున, సర్రే ప్రాంతమున, మరల గాలికుంటు కనబడెను. ఈమారు రోగము నిశ్చయమైన ఆగస్టు 3వ తేదీనే దేశమంతట పశువుల కదలిక ఆపివేసిరి. ఆ పర్యాయము రోగము పట్టిన క్షేత్రములు ఎనిమిది మాత్రమే. చంపబడిన పశువులు సుమారు రెండువేలు. రెండు పర్యాయములకును పరిస్థితులు సరిగా ఒక్కటి కావు. అయినను వెంటనే మూసినచో కొద్దిగా మూసిన చాలునని ఇందువలన తేలుచున్నది.

3. టీకాతో అణచు మార్గము

అదే 2001వ సంవత్సరమున, ఏప్రిల్ మాసమున, దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున ఈ రోగము ప్రవేశించెను. వారును తొలుత చంపుటకే పూనుకొనిరి. కాని రోగము త్వరితముగా ప్రాకినది. రైతులు చంపనీయక ఎదిరించిరి. కొలది దినములలోనే ఆ పని మాని, కదలికలను కట్టుదిట్టము చేసి, సుమారు కోటి సంఖ్య గల గోజాతికి అంతటికిని రెండుమారులు టీకాలు వేసిరి. గొర్రెలకు వేయలేదు. ఆగస్టు మాసముతో రోగము ఆగినది. చంపబడిన పశువులు సుమారు ఏడువేలు. 2003లో ఆ దేశము "టీకాతో రోగరహితము" అను గుర్తింపును పొందెను.

ఒక్క విషయము గమనింపుడు. ఉరుగ్వేవారు మూసివేతను పూర్తిగా త్రోసివేయలేదు. టీకా పశువులకు అందువరకు కదలికలను ఆపిరి. మూసివేత ఆవరణము, టీకా ఆయుధము. రెండును కలిసి పనిచేసినవి.

4. పశుమారి ఎట్లు నశించెను?

"అట్లయిన మనము కూడ టీకాలతో ఈ రోగమును సమూలముగా పెరికివేయరాదా? రిండరుపెస్టు పోలేదా?" అని అడుగుదురు. మంచి ప్రశ్న. మన తాతల కాలమున రిండరుపెస్టు అను పశుమారి వచ్చినచో కొట్టములకు కొట్టములే ఖాళీ అయ్యెడివి. 1920 దశకమున ముక్తేశ్వరములోని ప్రయోగశాలలో ఎడ్వర్డ్సు దొర ఆ వైరసును మేకల గుండ దాటించి బలహీనపరచి టీకా సిద్ధపరచెను. 1954లో దేశవ్యాప్తమైన నిర్మూలన ప్రణాళిక ఆరంభమయ్యెను. 1995లో మన దేశమందలి చివరి రోగి కనబడినది. 2011లో ఈ రోగము ప్రపంచమునుండియే తొలగినదని ప్రకటించిరి. మనుష్యుల మశూచికము తరువాత మానవుడు నిర్మూలించిన రోగము ఇది యొక్కటియే.

అది సాధ్యమగుటకు కారణములు కలవు. ఆ వైరసు టీకా దృష్టికి ఒక్కటే జాతి. ఒక్కమారు టీకా వేసిన చిరకాలము రక్షించును. మానిన పశువు రోగమును మోయదు. పశువు శరీరము వెలుపల వైరసు శీఘ్రముగా చచ్చును. గాలికుంటు విషయమున ఈ నాలుగును తలక్రిందులు. జాతులు పెక్కు, టీకా రక్షణ ఆరు నెలలు, మానిన పశువు మోయవచ్చును, వైరసు తడిలోను చల్లదనములోను చాల దినములు బ్రదుకును. కావున ఆ విజయమును చూచి దీనిని సులభమని తలపరాదు; దీనిని చూచి అసాధ్యమనియు నిరాశ చెందరాదు. 2019 సెప్టెంబరులో భారత ప్రభుత్వము మథురలో ఆరంభించిన జాతీయ పశురోగ నియంత్రణ పథకము, ఆరు నెలల కొకమారు దేశమందలి పశువులకు ఉచితముగా టీకా వేయుచు 2030 నాటికి గాలికుంటును నిర్మూలింపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది.

5. మనుష్యుల విషయమున మనము చూచినది

ఇక కోవిడు కథ. 2020 మార్చి 25 నుండి మన దేశము 21 దినములు మూయబడి, తరువాత పొడిగింపులతో మే 31 వరకు అట్లే యుండెను. అప్పుడు టీకా లేదు. ఆ రోగమును ఎదుర్కొనుటకు ఆసుపత్రులు సిద్ధముగా లేవు. మూసివేత వలన కొంత వ్యవధి లభించెను. కాని ఆ వ్యవధి మూల్యమును అందరును సమముగా చెల్లించిరా? నెలజీతము గలవాడు ఇంట కూర్చుండెను. మన మిరపచేలకు కోతలకై వచ్చిన ఛత్తీసుగఢు కూలీలు పిల్లలను వెంటబెట్టుకొని అడవిదారుల కాలినడకన పోయిరి. సేద్యపు పనులకును, కోతయంత్రములకును, ధాన్యపు విపణులకును మార్చి 27న మినహాయింపు ఇచ్చిరి గాని, దారిలో ఆపువారికి ఆ ఉత్తరువు తెలియుటకు దినములు పట్టెను.

న్యూజీలాండు సముద్రము నడుమ నున్న చిన్న దేశము. 2020లో కఠినముగా మూసి, జూన్ నాటికి ఒక్క రోగియు లేని స్థితికి వచ్చెను. 2021 అక్టోబరులో, క్రొత్తరకపు వైరసు ఆగనందున, నిర్మూలన విధానమును విడువనారంభించి, ప్రజలలో అధిక సంఖ్యాకులకు టీకాలు వేసిన తరువాత తలుపులు తెరచెను. అందుచే ప్రాణనష్టము స్వల్పము. చీనా దేశము దాదాపు మూడేండ్లు మూసియుంచి 2022 డిసెంబరులో ఒక్కసారిగా తెరచెను. వృద్ధులలో అనేకులకు చాలినన్ని మోతాదుల టీకా పడియుండలేదు. శీఘ్రకాలములోనే పెక్కుమంది మరణించిరి. మన దేశమున 2021 ఏప్రిలు, మే మాసములలో, టీకా ఇంకను కొలదిమందికే అందియుండగా, రోగము పోయినదని తలచి గుంపులు కూడుటవలన ఏమి జరిగెనో మీ మీ ఇండ్లలోనే తెలియును. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. వైరసు పోలేదు, మనతోనే యున్నది. టీకా వలనను, ఇదివరకే సోకుట వలనను మన శరీరములకు దానితో పరిచయము కలిగినది.

వీనినిబట్టి తేలునదేమి? మూసివేత చికిత్స కాదు. అది వ్యవధిని కొనుట. కొనిన వ్యవధిలో టీకా వేయనిచో పెట్టిన మూల్యము వ్యర్థము. అట్లే, రోగముతో కూడ బ్రదుకుట అనగా ఏమియు చేయక ఊరకుండుట కాదు. సిద్ధపడి బ్రదుకుట వేరు, సిద్ధపడక లొంగుట వేరు.

6. నేను చేసిన పొరపాటు

ఇచట నా స్వానుభవము నొకదానిని చెప్పక తప్పదు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక గ్రామమున ఒక కౌలురైతు తనంతట తానే వచ్చి, తన జతలో ఒక ఎద్దు కుంటుచున్నదని తెలిపెను. నేను పుస్తకమున చదివిన ప్రకారము, "ఎద్దులు రెండును మూడు వారములు పాక దాటరాదు" అని ఆజ్ఞాపించితిని. అతడు, "నారు ముదిరిపోతోందండీ. ఎద్దుల్ని కట్టేస్తే నా చేలో దమ్ము ఎవరు చేస్తారండీ?" అని అడిగెను. నాయొద్ద సమాధానము లేదు. నిబంధనమును మరల చదివి వినిపించితిని. అతడు మంచివాడు, నా మాట పాటించెను. ఊరిలో రోగము ఆగినది. అతని నారు ముదిరి, ఊడ్పు ఆలస్యమై, పంట సగమైనది. కౌలు మాత్రము పూర్తిగా కట్టవలసివచ్చెను.

మరుసటి యేడు రోగము మరల వచ్చెను. ఈమారు ఎవరును నాకు తెలుపలేదు. మూడిండ్లలో దాచిరి. నాకు తెలియునప్పటికి పేటయంతయు ప్రాకి దూడలు చచ్చుచుండెను. "ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఒక వృద్ధురాలిని అడిగితిని. ఆమె, "నిరుడు చెప్పినవాడికి ఏం మిగిలింది బాబూ?" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. నేను ఆ రైతును ఆజ్ఞాపించితిని గాని అతని భారమును ఎవరు మోయుదురో ఆలోచింపనైతిని. ఊరందరి మేలుకొరకు మూయబడిన తలుపు వెనుక ఒక్కడే నష్టపడినచో, మరుసటిమారు ఆ తలుపు లోపల రోగము దాగును.

7. గృహస్థులు చేయవలసినది

మన దేశమున బ్రిటను మార్గము పొసగదు. రోగము ఇచట అంతట వ్యాపించియున్నది, పశువులు కోట్లకొలది, చంపుటకు మన ధర్మమును, పెక్కు రాష్ట్రముల చట్టములును ఒప్పవు. ఏడాది పొడుగున మూసియుండుటయు పొసగదు. కావున టీకాతో బ్రదుకుట, రోగము పొడసూపినచోట కొద్దికాలము గట్టిగా మూయుట, ఈ రెండును కలిపిన మార్గమే మనకు తగినది. దానికి నియమములు ఇవి:

(1) దూడకు నాలుగవ నెల నిండగానే మొదటి టీకా. ఒక నెలకు మరల ఒకటి. పిమ్మట ఆరు నెలల కొకటి. ఊరిలో నూటికి 80 పశువులకైనను వేయనిచో ఊరికి రక్షణ లేదు. "నా గేదె పాలు తగ్గును" అని దాచువారు కలరు. పాలు తగ్గిన నాలుగు దినములు తగ్గును. రోగము వచ్చిన ఆ ఈత పాలు పోవును.

(2) టీకామందు 2 నుండి 8 డిగ్రీల చలిలో నుండవలెను. మంచుపెట్టె లేక ఎండలో తెచ్చిన మందును వేయనీయకుడు.

(3) సంతనుండి తెచ్చిన పశువును మూడు వారములు వేరుగా కట్టి, వేరు తొట్టిలో కుడితి పెట్టవలెను.

(4) చొంగ గాని కుంటుట గాని కనబడిన నాడే తెలుపవలెను. 2009వ సంవత్సరపు పశువుల అంటురోగముల చట్టము ప్రకారము తెలుపుట యజమాని విధి.

(5) రోగము వచ్చిన కొట్టపు వాకిట, 10 లీటర్ల నీటికి 400 గ్రాముల చాకలిసోడా కలిపిన నీటిలో తడిపిన గోనెను పరచి, దానిపై కాలు పెట్టి రాకపోకలు చేయవలెను. పాత్రలను, గచ్చును ఆ నీటితోనే కడుగవలెను.

(6) నోటిపుండ్లను, గిట్టలను లీటరు నీటికి 1 గ్రాము పొటాసియము పర్మాంగనేటు కలిపిన నీటితో కడిగి, నోటికి బొరాక్సు కలిపిన గ్లిసరిను, గిట్టలకు ఈగలు వ్రాలకుండ వేపనూనె పూయవలెను. గంజి, జావ, లేతగడ్డి పెట్టవలెను. దూడను రోగపు తల్లివద్ద కుడువనీయక, కాచి చల్లార్చిన పాలు పట్టవలెను.

(7) చివరి పశువు మానిన పిదప 21 దినములవరకు ఆ కొట్టపు పశువులు చెరువునకు గాని, ఉమ్మడి బీడునకు గాని, సంతకు గాని పోరాదు.

8. సంఘము చేయవలసినది

ఏడవ నియమము కఠినమైనది. దానిని పాటించువానికి సంఘము తోడుండనిచో ఎవరును పాటింపరు. కావున రాబోవు సమావేశమున ఈ మూడు విషయములను ఆలోచింపవలెనని పాలకవర్గమువారిని వేడుకొనుచున్నాను.

మొదటిది, కట్టడిలోనున్న రైతు పొలమునకు దున్నకము, దమ్ము సంఘ సభ్యులు బదులుపని మీద చేయవలెను. లేదా ట్రాక్టరు బాడుగను లాభములలో సర్వజన హితమునకై తీసియుంచు భాగమునుండి చెల్లింపవలెను. రెండవది, ఆ ఇంటి పాలపాత్రను ఆ దినములలో కేంద్రమునకు తేనీయరాదు. దానికి బదులు మునుపటి మాసపు సరాసరిని బట్టి వడ్డీలేని బయానా ఇచ్చి, పశువు మరల పాలిచ్చునపుడు కొద్దికొద్దిగా మినహాయించుకొనవలెను. మూడవది, ఏ ఇంట ఏ పశువునకు ఏ తేదీని టీకా పడినదో సంఘ కార్యాలయమున పుస్తకము వ్రాసి, గడువు పది దినములుండగానే తెలియజేయవలెను.

సంత మాటకు వచ్చినచో, ఊరిలో రోగము కనబడిన వారమే పశువుల సంతను ఆపుట మేలు. కూరగాయల అంగళ్లను ఆపనక్కరలేదు. ఎంత మూయవలెనో అంతే మూయుట, ఎప్పుడు తెరతుమో ముందుగనే చెప్పుట, ఈ రెండును పాటించినచో జనులు మాట వినుదురు.

9. పునశ్చరణ ప్రశ్నలు

చదువరులు ఈ క్రింది ప్రశ్నలకు ఇంటివారితో కూర్చుండి సమాధానము చెప్పుకొందురు గాక.

గాలికుంటు మానిన పశువునకు మరల ఎందుకు వచ్చును? 2001లోను 2007లోను బ్రిటనున జరిగిన దానికి భేదమేమి? ఉరుగ్వేవారు మూసివేతను దేనికొరకు వాడుకొనిరి? రిండరుపెస్టు పోయినట్లు గాలికుంటు ఎందుకు సులభముగా పోదు? మీ కొట్టమున చివరి టీకా పడిన తేదీ యేది?

చివరి ప్రశ్నకు సమాధానము తోచనివారు రేపు ఉదయము పాలకేంద్రమునకు వచ్చునపుడు పశువుల లెక్కను వెంట తెత్తురు గాక. పుస్తకమును నేనే ఆరంభించెదను. ఆ కౌలురైతు పేరు అందులో మొదటి పుటలో వ్రాయవలెనని నా కోరిక. కాని అతడు ఆ మరుసటి యేడే ఎద్దులనమ్ముకొని ఆ ఊరు విడిచెను.

ఇట్లు,
మీ వ్యవసాయ ప్రదర్శకుడు